రెండు కొత్తపల్లెలు

ఆ రాజ్యమేదో, ఆ దివాను ఎవరో ఇక్కడ చెప్పబోము. ఆయన గ్రామాల పట్టికలో కొత్తపల్లె ఒక్కటే. నేల మీద రెండు: ఒకటి గుట్ట కింద, ఒకటి ఏటి ఒడ్డున. కొత్తపల్లె పేరున మంజూరైన విత్తనాలు ప్రతిసారీ ఏటి ఒడ్డు కొత్తపల్లెకే చేరేవి. ఈ ఏడూ తమ పొలాలు బీడుపడతాయని గుట్ట కింది ఊరివాడు, దివాను పల్లకీ మోసే బోయీ గుర్రప్ప మొరపెట్టుకున్నాడు.

"పట్టికలో లేనిది ఊరే కాదురా!" అన్నాడు దివాను.

మర్నాడు కాబోయే వియ్యంకుడి ఇంట తాంబూలాలకు బయలుదేరి, "కొత్తపల్లెకు పోనీయండి," అంటూ ఆయన పల్లకీలో కునుకు తీశాడు. కళ్లు తెరిస్తే ఎదురుగా గుట్ట, బీడు.

"ఎక్కడికి తెచ్చావురా?"

"కొత్తపల్లెకే దొరా! తమ పట్టికలో ఉన్నది ఒక్కటే కదా?" అన్నాడు గుర్రప్ప.

"మా వియ్యంకుడిది ఏటి ఒడ్డు ఊరురా!"

"అయితే రెండున్నాయన్నమాట. చిత్తం, ఇప్పుడే తిప్పుతాం."

పల్లకీ చేరేసరికి ముహూర్తం దాటిపోయింది. ఆ వారమే పట్టికలో రెండో కొత్తపల్లె వెలిసింది, గుర్రప్ప ఊరికి విత్తనాలు అందాయి. ముహూర్తానికి ఏ ఊళ్లో ఉన్నారని వియ్యంకుడు రాసిన ఉత్తరానికి మాత్రం దివాను జవాబు రాయనేలేదు.