కుచ్చిళ్ళ చాటు అక్షరాలు

ఉదయగిరి కొండల దిగువన బోయలమిట్ట అనే ఊళ్ళో పెంచలయ్య అనే కరెంటు లైన్‌మన్ ఉండేవాడు. ఏ పని చేపట్టినా అది నూటికి నూరుపాళ్ళు ముగిసేదాకా దాన్ని ఎవరి కంటా పడనిచ్చేవాడు కాదు.

ఆయనకు పాత శాసనాలంటే ప్రాణం. తీగ ఎక్కడ తెగితే అక్కడికి నడిచిపోవడం ఆయన ఉద్యోగం. ఆ నడకలో కొండ దారుల పక్కన, చేల గట్ల మీద, వందల ఏళ్ళ కిందట చెక్కిన అక్షరాలున్న రాళ్ళు కనబడుతుండేవి. ఇప్పటి తెలుగు వచ్చినవాళ్ళకు ఆ రాత అర్థం కాదు. పెంచలయ్య గ్రంథాలయంలో దొరికిన ఒక చిరిగిన పుస్తకం ముందు పెట్టుకుని, పదేళ్ళు తంటాలు పడి ఆ లిపిని సొంతంగా నేర్చుకున్నాడు.

ఇంటర్నెట్‌లో తెలుగు విజ్ఞాన సర్వస్వం ఒకటి ఉంది. దాన్ని పండితులు నలుగురు కూర్చుని రాయలేదు. ఎవరైనా అందులో రాయవచ్చు. ఒకరు రాసింది ఇంకొకరు దిద్దవచ్చు. జీతం లేదు, శాలువా లేదు. పెంచలయ్య కూడా అందులో చేరాడు. కానీ ఆరేళ్ళలో ఆయన రాసినవి ఆరే పేజీలు. వాటిలో ఒక్క తప్పు వెతికినా దొరికేది కాదు.

అదే సర్వస్వంలో రాసే రమీజా ఆయనను అన్నా అని పిలిచేది. ఆమె కదిరిలో బట్టలు కుట్టేది. మిషన్ మీద నుంచి లేచినప్పుడల్లా ఫోన్ తీసి ఎవరిదో ఒకరి పేజీలో అచ్చుతప్పులు సరిచేసేది. వాళ్ళిద్దరూ ఎన్నడూ ఎదురుపడలేదు, ఫోన్‌లోనే మాట్లాడుకునేవాళ్ళు.

"అన్నా, మీ ఊరి పేజీలో నాలుగే వాక్యాలున్నాయి. మీ దగ్గర రాళ్ళ సంగతులు బోలెడున్నాయంటిరే, పెట్టకూడదా?" అని రమీజా అడిగేది.

"ఇంకా పూర్తి కాలేదమ్మా."

"కాకపోతే ఏమైంది? ఉన్నంతవరకు పెట్టండి. మిగిలింది ఎవరో ఒకరు చూస్తారు."

"సగం ఉడికిన అన్నం ఎవరికైనా వడ్డిస్తామా తల్లీ?" అనేవాడు పెంచలయ్య.

ఊరికి రెండు మైళ్ళ దూరంలో, కనుమ దారి మొదట్లో, నిలువెత్తు బండ ఒకటి ఉండేది. దాని మీద పదకొండు పంక్తుల రాత. పై ఏడు పంక్తులు పెంచలయ్య చదివేశాడు. అందులో సంవత్సరం, అప్పటి పాలకుడి పేరు, ఆ చోటి పేరు ఉన్నాయి. అసలు విషయం కింది నాలుగు పంక్తుల్లో ఉంది. అవి గాలికీ వానకూ అరిగిపోయి ఉన్నాయి. ఆయనకు డ్యూటీలో తీరిక దొరికేది మధ్యాహ్నం భోజనం వేళే. అన్నం డబ్బా ఖాళీ చేసి, ఆ బండ ముందు గొంతుక్కూర్చుని, ఫోన్‌తో ఫోటోలు తీసి, నోటు పుస్తకంలో గీసుకునేవాడు. నడినెత్తి ఎండలో అరిగిన గీతలు కనబడవు. కనబడని అక్షరానికల్లా ఒక చుక్క పెట్టుకునేవాడు. చివరి పంక్తినిండా చుక్కలే. దాన్ని అన్నిటికన్నా ఆఖరున చూద్దామనుకున్నాడు.

అలా మూడేళ్ళు గడిచాయి.

"ఆ రాయిని ఇంటికే తెచ్చుకోండి, దానికీ ఒక కంచం పెడతాను," అనేది ఆయన భార్య సుబ్బరత్నం.

ఒక కార్తీకంలో గాలివాన వచ్చి కావలి వైపు స్తంభాలన్నీ పడిపోయాయి. పెంచలయ్యను అక్కడికి పంపారు. నలభై రోజులు పనిచేసి తిరిగి వచ్చాడు. వచ్చిన మర్నాడే సైకిలెక్కి కనుమకు వెళ్ళాడు.

బండ లేదు.

అది ఉన్న చోట కొత్త రోడ్డు ఉంది. ఎర్రమట్టి మీద కంకర పరిచి ఉంది. పనివాళ్ళ పక్కన, తలకు చున్నీ చుట్టుకున్న ఒక అమ్మాయి కాగితాలు పట్టుకుని నిలబడి ఉంది. ఆమె పేరు ఎస్తేరు, ఆ రోడ్డు పనికి ఇంజనీరు.

"అమ్మా, ఇక్కడ నిలువుగా ఒక బండ ఉండాలే?" అన్నాడు పెంచలయ్య.

"అవునండీ, ఉండేది. పగలగొట్టి రోడ్డుకు వాడేశాం. ఏమండీ?"

"దాని మీద రాత ఉందమ్మా. పాత రాత."

ఎస్తేరు ముఖం పాలిపోయింది. "రాతా? ఆ వానలకు బండంతా నాచుపట్టి ఉంటే మామూలు రాయనుకున్నాం. రోడ్డు గీత గీసే ముందు నేను అందరినీ అడిగానండీ. దారిలో పాతవి ఏమన్నా ఉంటే పక్కకు జరగాలని మాకు చెబుతారు. ఊళ్ళోవాళ్ళు ఏమీ లేవన్నారు. విజ్ఞాన సర్వస్వంలో మీ ఊరి పేజీ కూడా తెరిచి చూశాను. రాయి గురించి అందులో ఒక్క ముక్క లేదు. ఒక్క ముక్క ఉన్నా రోడ్డును పది గజాలు అటు తిప్పేదాన్ని కదండీ!"

పెంచలయ్య రోడ్డు మీద కూలబడి కంకరలో చేతులు పెట్టి వెతకసాగాడు. ఎస్తేరు కాగితాలు పక్కన పడేసి తానూ కూర్చుంది. వాళ్ళను చూసి పనివాళ్ళూ వచ్చి వెతికారు. పొద్దు వాలేదాకా వెతికినా అక్షరమున్న ముక్క ఒక్కటీ దొరకలేదు.

ఆయన ఇంటికి వచ్చి జరిగింది చెప్పాడు. సుబ్బరత్నం మెల్లగా, "మీ దగ్గర ఉన్నదన్నా ఎవరికైనా చూపించండి. ఇంకా దాచి ఏం చేస్తారు?" అంది.

ఆదివారం పొద్దున ఆయన రమీజాకు ఫోన్ చేశాడు. "అమ్మా, సగమే ఉంది. ఆ సగంలోనూ తప్పులుంటాయి," అన్నాడు.

"పెట్టండన్నా," అంది రమీజా. "మీ ఊరి పేజీకి వెనక చర్చ పేజీ ఉంటుంది కదా, అక్కడ పెట్టండి. నేను అందరికీ కబురు చేస్తాను."

పెంచలయ్య ఫోటోలు పెట్టాడు. చదివిన ఏడు పంక్తులు పెట్టాడు. చుక్కలతో నిండిన నోటు పుస్తకం పుటలూ పెట్టాడు. కింద ఇలా రాశాడు: "మిగిలిన నాలుగు పంక్తులు నాకు చదవడం రాలేదు. రాయి ఇప్పుడు లేదు. తప్పు నాది." రాసి, ఎవరో తిడతారని ఎదురుచూస్తూ కూర్చున్నాడు.

ఒక గంట గడిచింది. ఎవరూ తిట్టలేదు. పేజీలో ఒక వాక్యం కనబడింది.

"ఎనిమిదో పంక్తిలో మూడో అక్షరం ప కాదు, వ అనుకుంటాను. నా పేరు గిరిజ, ధార్వాడలో ఉంటాను. నేను కన్నడ సర్వస్వంలో రాసేదాన్ని. నా తెలుగు తప్పుగా ఉంటే క్షమించండి. ఆ కాలంలో మీ లిపీ మా లిపీ ఒక్కటే కదా."

పెంచలయ్య ఆ అక్షరం మార్చి చదివాడు. మూడేళ్ళుగా ముడిపడి ఉన్న మాట ఒక్కసారిగా విడిపోయింది. "సుబ్బూ!" అని కేక పెట్టాడు. ఆమె గరిటె పట్టుకుని పరుగెత్తి వచ్చింది.

ఆ తరువాత రాజమండ్రిలో ఎక్స్‌రేలు తీసే ఒకాయన పేజీలోకి వచ్చాడు. మసక నీడల్లో విరిగిన ఎముక వెతకడం తన రోజువారీ పని అన్నాడు. మధ్యాహ్నపు ఫోటోలు తీసుకుని వెలుగూ చీకటీ సరిచేసి తిరిగి పెట్టాడు. ఉత్త రాయిగా కనబడిన చోట నాలుగు అక్షరాలు పైకి తేలాయి. ఎవరో ఒక పాత మాటకు అర్థం రాశారు. దాన్ని ఇంకెవరో కాదన్నారు. కాదన్నవాళ్ళే ఆధారం వెతికి, మొదటి మాటే సరైనదని ఒప్పుకున్నారు.

సుబ్బరత్నం కూర పొయ్యి మీద నుంచి దించేసి ఆయన పక్కనే కూర్చుంది. ఇద్దరూ ఫోన్ తెర వంకే చూస్తున్నారు. పేజీ తెరిచిన ప్రతిసారీ ఒక చుక్క తగ్గి ఒక అక్షరం వచ్చేది. ఎవరూ కనబడరు, ఎవరి గొంతూ వినబడదు. నేలలోంచి మొలక వచ్చినట్టు అక్షరం వచ్చేది.

"వీళ్ళంతా ఎవరండీ?" అంది సుబ్బరత్నం.

"నాకేం తెలుసు?" అన్నాడు పెంచలయ్య. మళ్ళీ పేజీ తెరిచాడు.

రెండు గంటల వేళ హజరత్తయ్య అనే కొత్త పేరు కనబడింది. ఆయన పక్క మండలంలో పెళ్ళి ఫోటోలు తీసేవాడు. సర్వస్వంలో అంతకుముందు ఒక్క మాటా రాసినవాడు కాదు. "ఇది పనికొస్తుందేమో చూడండి," అని రాశాడు. "నిరుడు మార్గశిరంలో పెళ్ళికి ముందు ఒక జంటను ఆ బండ దగ్గర నిలబెట్టి తీశాను. వాళ్ళను అడిగే పెడుతున్నాను. ముఖాలు మాత్రం కత్తిరించమన్నారు."

ఆ ఫోటోలో తలలు లేని జంట ఉంది. పట్టుచీర ఉంది, పంచె ఉంది, వాటి వెనక బండ ఉంది. హజరత్తయ్య దాన్ని తొలి ఎండలో తీశాడు. వెలుగు పక్క నుంచి పడడంతో ప్రతి గీతకూ నీడ వచ్చి, అరిగిపోయిన అక్షరాలు నిన్న చెక్కినట్టు నిలబడ్డాయి.

పెంచలయ్య రెండు చేతులూ జోడించాడు. మూడేళ్ళు ఆయన ఆ బండ ముందు కూర్చున్నా, దాని ముఖం చూడడం ఆయనకు అదే మొదలు.

సాయంత్రం అయిదయ్యేసరికి ఎనిమిది, తొమ్మిది, పది పంక్తులు నిండాయి. పెంచలయ్య భార్యకు చదివి వినిపించాడు. "చెన్నసాని అనే ఆమె కూతురు ఎండాకాలంలో ఈ కనుమ దారిలో దప్పికతో చనిపోయిందట. అప్పటి నుంచి ఆ తల్లి, ఎండలు మొదలైన నాటి నుంచి వానలు పడేదాకా, ఈ దారిన పోయే మనుషులకూ పశువులకూ నీళ్ళు పోయించిందట. ఏ ఊరని అడగలేదట, ఎవరని అడగలేదట. బిడ్డ పేరు నిలవాలని ఈ రాయి వేయించిందట. ఆ బిడ్డ పేరు..."

ఆగిపోయాడు.

"పేరు?" అంది సుబ్బరత్నం.

"చివరి పంక్తిలో ఉంది."

పెళ్ళికూతురి చీర కుచ్చిళ్ళు ఆ పంక్తి మీద పరుచుకుని ఉన్నాయి. పెంచలయ్య ఫోటోల్లో ఆ చోట తెల్లటి ఎండ ఉంది. ఆయన నోటు పుస్తకంలో చుక్కలున్నాయి. హజరత్తయ్య ఆ రోజు తీసినవన్నీ వెతికి, ప్రతిదానిలోనూ కుచ్చిళ్ళే ఉన్నాయని బాధపడుతూ రాశాడు.

చాలాసేపటికి గిరిజ రాసింది: "కుచ్చిళ్ళ పక్కన ఒక కొమ్ము మాత్రం కనబడుతోంది. దాన్ని పట్టుకుని పేరు ఊహించవచ్చు, కానీ అది అబద్ధమవుతుంది. ఖాళీగా వదిలేద్దాం." అందరూ సరేనన్నారు. ఆ చోట "కూతురి పేరు తెలియదు" అని రమీజా రాసింది.

సుబ్బరత్నం చెంగుతో కళ్ళు ఒత్తుకుంది. పెంచలయ్య తల వంచుకున్నాడు. "ఎనిమిది వందల ఏళ్ళు ఆ తల్లి రాయి ఆ పేరును కాపాడింది. నేను మూడేళ్ళు దాచి పోగొట్టాను," అన్నాడు.

తరువాత ఆ పేజీ చరిత్ర తెరిచాడు. ఎవరెవరు ఏం మార్చారో అక్కడ వరసగా ఉంటుంది. ఆ ఒక్క రోజులో ముప్ఫై ఒక్క పేర్లు. సగం పేర్లు ఆయన ఎన్నడూ విననివి. ఒకామె వచ్చి ఒక్క కామా పెట్టి వెళ్ళిపోయింది. ఆమెది ఏ ఊరో, ఆ కామా కోసం ఏ పని ఆపుకుని వచ్చిందో. పెంచలయ్య ఆ పేర్లన్నీ ఒక్కొక్కటిగా పైకి చదివాడు. అంతమంది తన ఊరి రాయి కోసం ఒక ఆదివారం ఇచ్చేశారంటే ఆయన నమ్మలేకపోయాడు.

మర్నాడు ఆయన ట్రంకుపెట్టె తెరిచాడు. అందులో ఇరవై ఏడు రాళ్ళ నోటు పుస్తకాలున్నాయి. ఒక్కటీ పూర్తయినది కాదు. చుక్కలతో, కొట్టివేతలతో, ప్రశ్న గుర్తులతో, ఉన్నవి ఉన్నట్టే, రోజుకు కొన్ని చొప్పున అన్నీ పెట్టేశాడు. ఏ రాయి ఏ ఊళ్ళో ఏ గట్టు మీద ఉందో కూడా రాశాడు. మొదటి రోజు ప్రతి పుటా రెండుసార్లు సరిచూసుకుని పెట్టాడు. వారం తిరిగేసరికి అలవాటైంది.

వేసవిలో ఎస్తేరు ఫోన్ చేసింది. "ఇంకో రోడ్డు వేస్తున్నామండీ. మీ పేజీలో చూశాను, దారిలో మీ రాయి ఒకటి ఉంది. రోడ్డును పక్కకు తిప్పాం. ఒకసారి వచ్చి చూస్తారా?"

పెంచలయ్య ఈసారి తెల్లవారుతూనే వెళ్ళాడు. ఆ రాయిలో ఆయనకు చదవడం రాని అక్షరాలు ఇంకా తొమ్మిది ఉన్నాయి. తొలి ఎండ పడుతుండగా ఫోటో తీసి, అక్కడే నిలబడి, చదవలేనివాటిని చదవలేకపోయానని రాసి, అందరికీ కనబడేలా పెట్టేశాడు.

తెలిసింది సగమే అయినా నలుగురి ముందు పెట్టాలి. అంతా పూర్తయ్యాక చూపిద్దామని దాచుకున్న జ్ఞానం దాచినవారికీ దక్కదు, లోకానికీ దక్కదు.