జామాయిల్ తోట చూడబోయిన దుప్పి

ఎండలు ముదిరాక నల్లమల అంచున నిలబడి చూస్తే అడవి చచ్చిపోయిందనే అనుకుంటారు. మద్ది, ఏగిస, తునికి, బూరుగు... ఏ చెట్టు మీదా ఆకు ఉండదు. నేల నిండా ఎండుటాకులు. వాగు ఇసుకలో మిగిలింది ఒకే ఒక్క చెలమ. దాని అడుగున కాసిని నీళ్ళు. ఆ చెలమను నమ్ముకునే దుప్పుల మంద ఆ వేసవి గడుపుతోంది.

మందకు పెద్ద, కొమ్ముల దొర అనే మగ దుప్పి. వయసులో అందరికన్నా పెద్దది చుక్కమ్మ. ఆ ఏడు చుక్కమ్మకు లేకలేక ఒక పిల్ల పుట్టింది. లేచి నిలబడితే కాళ్ళు వణికేంత పసిది.

చెట్ల పైన ముసలి కొండముచ్చు కాపలా. కొండముచ్చులకూ దుప్పులకూ ముందు తరాల నుంచీ పొత్తు. పైన కొండముచ్చు సగం తిని సగం పారేస్తుంది, పారేసింది కింద దుప్పులు మేస్తాయి. చిరుత కంటపడితే పైనుంచి కేక. వాసన తగిలితే కిందినుంచి కేక. ఎవరి కేక వినపడినా ఇద్దరూ పారిపోవాలి. ఈ పొత్తు మీదే రెండు జాతులూ బతుకుతున్నాయి.

ఒక రోజు పొద్దెక్కే వేళ చెలమ దగ్గరికి నక్క వచ్చింది. అడవి దాటాక ఉన్న జామాయిల్ తోటలో పుట్టి పెరిగిన నక్క అది.

"ఏం దొరా, చచ్చిన అడవికి కాపలా కాస్తున్నారా?" అంది.

"నోరు జాగ్రత్త," అంది కొమ్ముల దొర.

"తప్పయితే చెప్పు. తలెత్తి ఒక్క ఆకు చూపించు, వచ్చిన దారినే పోతాను."

దొర తలెత్తలేదు. నక్క ఇంకా దగ్గరికి జరిగింది.

"వానలు పడేదాకా ఈ అడవి ఇంతే. మా తోట చూడు, ఎప్పుడొచ్చినా పచ్చనే. చెట్లు మీ చెట్లలా ఇష్టమొచ్చినట్టు మొలవవు, తాడు పట్టి నాటినవి. చెట్టుకీ చెట్టుకీ ఒకటే ఎడం. ఈ చివర నిలబడితే ఆ చివర కనిపిస్తుంది. నీ కొమ్ములకు ఒక్క తీగ తగులుకుంటే నన్నడుగు."

ఆ చివరి మాట దొరకు సూటిగా తగిలింది. మొన్నీమధ్యే పొదల తీగల్లో కొమ్ములు ఇరుక్కుని సగం పూట గింజుకుంది. విడిపించుకుని బయటపడేసరికి పైనుంచి కొండముచ్చు పిల్లలు ఒకటే నవ్వు.

"మీ తోటలో పైన ఎవరుంటారు?" అని అడిగింది ముసలి కొండముచ్చు.

"ఎవరూ ఉండరు తాతా. అంత దూరం కనిపిస్తుంటే పైన కాపలా ఎందుకు?"

"అదీ నిజమే," అంది దొర. "మంద రేపే కదులుతుంది."

అప్పటిదాకా పిల్లను నాకుతూ కూర్చున్న చుక్కమ్మ లేచింది. "మేతచూపు కాకుండానా?"

దొర తల దించుకుంది. అది దుప్పుల కట్టుబాటు. మంద కొత్త చోటుకు వెళ్ళాలంటే ముందు పెద్ద ఆడదుప్పి ఒక్కతే వెళ్ళి చూడాలి. అక్కడి నేలకు మూతి ఆనించి, గడ్డీ ఆకూ కొరికి చూసి రావాలి. అది సరేనంటేనే మంద కదులుతుంది.

"తప్పకుండా చూడు అక్కా," అంది నక్క. "ఇప్పుడే రా."

కొండముచ్చు కొమ్మల మీదుగా అడవి అంచుదాకా తోడు వచ్చింది. చివరి ఇప్పచెట్టు మీద ఆగిపోయింది. "ఇక్కడితో నా చెట్లు అయిపోయాయి చెల్లమ్మా. ఇక అన్నీ నువ్వే చూసుకో."

చుక్కమ్మ తోటలో అడుగుపెట్టింది.

నక్క చెప్పిందంతా నిజమే. తల పైకెత్తితే పచ్చదనం. వరుసలు గీత గీసినట్టున్నాయి. తెల్లటి మొద్దుల నుంచి బెరడు పేలికల్లా వేలాడుతోంది. గాలి వీస్తే జలుబు మందు వాసన.

చుక్కమ్మ నేలకు మూతి ఆనించింది. కొడవళ్ళలా వంగిన ఎండుటాకులు తప్ప ఏమీ లేవు. కాలితో తవ్వింది. ఆకుల కింద గడ్డిపోచ లేదు. పుట్ట లేదు, పురుగు లేదు. చెవులు రిక్కించింది. ఒక్క పిట్ట కూత కూడా లేదు. అడవి ఎంత మోడువారినా వడ్రంగిపిట్ట కొట్టుకునే చప్పుడైనా ఉంటుంది. ఇక్కడ తన అడుగుల చప్పుడే తనకు వినిపిస్తోంది.

మూడు వరుసలు దాటాక ఒక చెట్టు మొదట్లో మలం గుట్ట కనిపించింది. అందులో ఎముక ముక్కలు, వాటికి చుట్టుకుని గోధుమ రంగు వెంట్రుకలు, మధ్యలో తెల్లవి. తన ఒంటి మీద ఉన్నటువంటివే. ముక్కు దగ్గర పెట్టగానే తెలిసిపోయింది. రేచుకుక్కలు. మందలుగా తిరిగి, అలుపెరగకుండా తరిమి వేటాడే ఎర్రటి అడవికుక్కలు.

అయినా చుక్కమ్మ తోక లేవలేదు. తోక లేస్తే తెల్లటి అడుగు కనిపిస్తుంది, భయం బయటపడుతుంది. చుక్కమ్మ తోక దించుకునే వెనక్కి తిరిగింది.

"ఎలా ఉంది అక్కా?" అంది తోట అంచున కాచుకున్న నక్క.

"నువ్వు చెప్పినట్టే ఉంది తమ్ముడూ. ఈ చివరి నుంచి ఆ చివరిదాకా కనిపిస్తోంది."

"మరి ఎప్పుడొస్తారు?"

"నా పిల్ల కాళ్ళు కుదురుకోవాలి కదా. నడక రాగానే మంద మొత్తం వస్తాం. విడివిడిగా రావడం దేనికి?"

మంద మొత్తం అనేసరికి నక్క కళ్ళు మెరిశాయి. "అలాగే అక్కా, తొందరేముంది!"

తిరిగొచ్చి చుక్కమ్మ చూసింది చూసినట్టు చెప్పింది. మంద అంతా ముడుచుకుపోయింది.

"మరి వస్తామని ఎందుకు చెప్పావు?" అని అడిగింది కొండముచ్చు.

"రామని చెబితే ఆ కుక్కలే ఇక్కడికి వస్తాయి. ఇప్పుడీ అడవిలో దాక్కోవడానికి ఆకు లేదు. నా పిల్లకు పరుగు రాదు."

"ఎన్నాళ్ళు ఆపగలవు?"

"ఇప్ప చిగురేసేదాకా. వాన పడితేగానీ చిగురు రాదని నక్క అనుకుంటోంది. మన చెట్లు వాన కోసం ఆగవని దానికి తెలీదు."

కొమ్ముల దొరకు ఇదంతా నచ్చలేదు. "నక్క ఎదురుగా నిలబడి నిజం అడిగేవాళ్ళు లేరా ఈ మందలో? నాలుగు వెంట్రుకలు చూసి భయపడతామా? నేనే వెళ్ళి చూసొస్తాను."

"వద్దు దొరా," అంది చుక్కమ్మ. "ఆ వరుసల్లో నీకు వాళ్ళెంత దూరం నుంచి కనిపిస్తారో, నువ్వూ వాళ్ళకు అంత దూరం నుంచే కనిపిస్తావు."

దొర వినలేదు. కొమ్ములు ఎత్తుకుని వెళ్ళిపోయింది. సాయంత్రం దాకా మంద అడవి అంచున ఎదురుచూసింది. చివరి ఇప్పచెట్టు మీద నుంచి కొండముచ్చు మెల్లగా దిగివచ్చింది.

"ఏమైంది అన్నా?"

"నేరుగా పరుగెత్తాడు చెల్లమ్మా. పక్కకు తిరగడానికి అక్కడ ఏమీ లేదు."

ఆ పూట మందలో ఎవరూ మేయలేదు.

మర్నాడు నక్క మూతి నాక్కుంటూ వచ్చింది. "దొర తోటలో హాయిగా ఉన్నాడు అక్కా! కడుపునిండా మేస్తున్నాడు. మిమ్మల్ని త్వరగా తీసుకురమ్మన్నాడు."

ఒక పడుచు దుప్పి అడుగు వెనక్కి వేసింది. చుక్కమ్మ దానికి అడ్డంగా నిలబడింది.

"సంతోషం తమ్ముడూ. కొమ్ములకు తీగలేవీ తగులుకోవడం లేదు కదా?"

"ఒక్కటీ లేదు!"

"అదే చాలు. పిల్లకు ఇంకా తడబాటు పోలేదు. పోగానే బయల్దేరతాం."

నక్క వెళ్ళాక చుక్కమ్మ చెలమ పక్కన కూలబడింది. పిల్ల వచ్చి పొదుగు వెతుక్కుంది. తల్లి తాగితేనే పిల్లకు పాలు. చుక్కమ్మ లేచి, చెలమ అడుగున మిగిలిన నీళ్ళు తాగింది.

అడవి మాత్రం తన పని తాను చేసుకుపోతోంది. ఇప్పపూలు రాలాయి. కొండముచ్చులు పైనుంచి గుప్పిళ్ళతో రాల్చాయి, దుప్పులు ఏరుకు తిన్నాయి. గడ్డి లేని రోజుల్లో పూలే మేత అయ్యాయి. ఎండ ఇంకా మండుతుండగానే, ఆకాశంలో మబ్బు తునక లేకుండానే, ఇప్ప కొమ్మల చివర రాగి రంగు చిగురు పొడుచుకొచ్చింది. ఆ వెనకే కానుగ. ఆ వెనకే మద్ది. ఎక్కడో లోతున ఉన్న తడిని వేళ్ళు పైకి తోడుతున్నాయి. ఎండుటాకుల మధ్య నుంచి పొదలు పచ్చబడ్డాయి. చుక్కమ్మ పిల్ల ఒక పొద నుంచి ఇంకో పొదకు గెంతడం నేర్చుకుంది.

అటు తోటలో రేచుకుక్కలకు మళ్ళీ ఆకలి వేసింది.

"ఏదిరా మంద?" అంది వాటి పెద్ద. "ఒక్కణ్ణి చూపించి ఊరుకున్నావు."

"వాళ్ళు రాకపోతే మనమే పోదాం," అంది చాన్నాళ్ళుగా అడవి వైపు పోని నక్క. "ఆ అడవిలో ఆకన్నది లేదు. ఎక్కడ దాక్కున్నా కనిపిస్తారు. అలా కాకపోతే నన్నే తినండి."

నక్క ముందు, కుక్కలు వెనక. చివరి ఇప్పచెట్టు దాటాయో లేదో, పైనుంచి కొండముచ్చు కేక అడవంతా మోగింది. నక్క తలెత్తి చూసింది. ఎటు చూసినా ఆకు. నిన్నటి మోడులన్నీ ఒకదానికొకటి చేయి కలిపినట్టు కమ్ముకుని ఉన్నాయి.

దుప్పులు ఒక్కోటి ఒక్కో దిక్కుకు మళ్ళాయి. పొద దాటితే ఇంకో పొద, మలుపు తిరిగితే ఇంకో మలుపు. కుక్కలు ఒకదాన్ని తరిమితే దానికి అడ్డంగా ఇంకోటి మెరిసి మాయమైంది. ఎర్రటి ఒళ్ళు ముళ్ళతీగల్లో చిక్కుకున్నాయి. చుక్కమ్మ పిల్ల తల్లి చెప్పినట్టే కానుగ పొద కింద నేలకు అతుక్కుపోయింది. ఆకుల సందుల్లోంచి పడ్డ ఎండ చుక్కలేవో, దాని ఒంటి మీది చుక్కలేవో తెలియలేదు. ఒక కుక్క దాని ముక్కు ముందు నుంచే పరుగెత్తి పోయింది. పిల్ల రెప్ప వేయలేదు.

పొద్దు నడినెత్తికి వచ్చేసరికి కుక్కలు నాలుకలు వేలాడేసుకుని ఒకచోట చేరాయి. ఒంటి నిండా గాట్లు, కడుపులో ఆకలి. అన్నీ కలిసి నక్క వైపు చూశాయి.

"ఆకన్నది లేదన్నావు," అంది పెద్దకుక్క.

"అన్నా, నిన్న మొన్నటిదాకా..."

"ఇంకో మాట కూడా అన్నావు. గుర్తుందా?"

నక్క వెనుదిరిగి పరుగు తీసింది. పక్కనే కానుగ పొదలున్నాయి, వాగు గట్టు బొరియలున్నాయి. కానీ ఆ అడవి దానికి తెలియదు. తెలిసిన చోటు ఒక్కటే, తన పచ్చటి తోట. అటే పరుగెత్తింది. కుక్కలు వెనకే వెళ్ళాయి.

అడవి సద్దుమణిగాక పిల్ల లేచి తల్లి పొట్ట కింద దూరింది. చుక్కమ్మ ఇప్పచెట్టు వైపు తలెత్తింది.

"ఏమైంది అన్నా?"

కొండముచ్చు తోట వైపు చూసింది. తర్వాత ఒక చిగురు కొమ్మ తుంచి, సగం కొరికి, మిగతా సగం కిందికి వదిలింది.

"నేరుగా పరుగెత్తాడు చెల్లమ్మా."

నీతి: చెట్టు మీద పచ్చదనం చూసి చోటును నమ్మకూడదు, దాని నీడన ఎన్ని ప్రాణులు బతుకుతున్నాయో చూసి నమ్మాలి.