ఎవరూ చూడని రెండు

తారకేశ్వర్‌కు ఒళ్ళు మండిపోయింది. మండదా మరి! మూడు వారాలు మైక్రోస్కోపుకు కళ్ళప్పగించి వెతికిన గాజుపలకను, గైడు హైమవతి మేడమ్ తనకు మాటమాత్రం చెప్పకుండా మరియమ్మ చేతికిచ్చి మళ్ళీ వెతికించింది. మరియమ్మ పదో తరగతి చదివి ల్యాబులో పలకలు చూసే పనికి కుదిరిన మనిషి. తనేమో ఎమ్మెస్సీలో యూనివర్సిటీ ఫస్టు!

ఫోటో ఫిల్ముకు పూసే రసాయనమే ఆ పలక మీద మందంగా పూసి ఉంటుంది. మహావేగంతో వచ్చిన ప్రోటాను అందులో ఒక అణుకేంద్రాన్ని గుద్దుకుంటే, ముక్కలు పోయిన దారులన్నీ చిన్న నక్షత్రంలా విచ్చుకుంటాయి. కణాల కడుపులో ఏముందో ఆ గీతలే చెప్పాలి. అతని థీసిస్ అంతా ఆ నక్షత్రాల లెక్క మీదే నిలబడి ఉంది.

గైడును మార్చమని అర్జీ రాసుకుని ప్రొఫెసర్ హైమవతి గదిలోకి దూసుకెళ్ళాడు.

“నా మీద అనుమానముంటే మొహం మీదే అడగొచ్చు కదా మేడమ్! నా లెక్క తప్పో ఒప్పో ఆవిడ తేల్చాలా? ఇంతకన్నా అవమానం ఉంటుందా?”

అర్జీ బల్ల మీద పడేశాడు. ఆమె దాన్ని చదవలేదు. రెండు కాగితాలు ముందుకు జరిపింది. ఒకటి అతని పట్టీ, ఇరవై నాలుగు నక్షత్రాలు, పలక మీద అవి ఉన్న చోట్లతో సహా. రెండోది మరియమ్మది, ఇరవై.

“చూశారా! నాలుగు తక్కువ!” అన్నాడు.

“రెండింట్లోనూ ఉన్నవాటికి టిక్కు పెట్టు.”

విసురుగా పెట్టుకుంటూ పోయాడు. పదహారు దగ్గర పెన్ను ఆగిపోయింది. మరియమ్మ పట్టీలో ఇంకా నాలుగున్నాయి, తన పట్టీలో లేనివి.

“ఇవి ఉత్త గీతలై ఉంటాయి,” అని గొణుగుతూ మైక్రోస్కోపు దగ్గరికి వెళ్ళాడు. ఆవిడ రాసిన చోట్లకే పలకను జరిపి చూశాడు. నాలుగుకు నాలుగూ నక్షత్రాలే. తిరిగొచ్చేసరికి గొంతు తగ్గింది.

“నావి ఇరవై నాలుగు, ఇవి నాలుగు. మొత్తం ఇరవై ఎనిమిది మేడమ్.”

“ఆవిడ చూసిన ఇరవైలో నీ కంటబడ్డవెన్ని?”

“పదహారు. అంటే ఐదింటికి నాలుగు.”

“పలకంతటా నీ చూపు అంతేననుకో. మరి నీ ఇరవై నాలుగు ఎన్నింటిలోవి?”

చేతికందిన కాగితం వెనక లెక్క వేశాడు. అది తన అర్జీయే. ముప్పై వచ్చింది. మళ్ళీ వేశాడు. ముప్పయ్యే.

“మిగతా రెండూ ఎవరు చూశారు మేడమ్?”

“ఎవరూ చూడలేదు. అవి ఉన్నాయని తెలియడానికే ఇద్దరు కావాల్సొచ్చింది.”

అతను అర్జీని, లెక్క వేసిన వైపు పైకి కనబడేలా, తన పట్టీకి గుచ్చాడు. తను చూసేసిన ఇంకో పలక తీసుకుని పక్కగదిలోకి నడిచాడు. మరియమ్మ కళ్ళజోడు తుడుచుకుంటోంది. ఇన్నాళ్ళూ ఆమెను “ఇదిగో” అనే పిలిచాడు.

“మరియమ్మగారూ, ఇది నేను చూసేశాను. నాకెన్ని కనబడ్డాయో చెప్పను. మీరూ ఒకసారి చూస్తారా?”