కొరింథు ఊట దగ్గర

హెర్మియాస్ కొరింథు నగరంలో, కొండ నీడ పడే ఒక వసారాలో పాఠం చెప్పేవాడు. ఆ రోజు ఒక్క శిష్యుడే వచ్చాడు. ఉత్తరాది దోపిడీదండు ఓడలమీద వచ్చి రేవును తగలబెడుతోందని పొద్దున్నే కబురొచ్చింది. తక్కినవాళ్ళంతా మూటలు కట్టుకుని కొండల్లోకి పోయారు. పోవాలో ఉండాలో తేల్చుకోలేని టిమాండ్రోస్ మాత్రం గురువు ఎదుట నిలబడ్డాడు.

“గురువుగారూ, ఈ ఊరు ఇదివరకే ఒకసారి చచ్చింది. రోమన్లు మగవాళ్ళను నరికి, ఆడవాళ్ళనూ పిల్లలనూ అమ్మేశారు. మళ్ళీ అదే జరిగితే మనం ఇక్కడ బతికామని ఎవరికి తెలుస్తుంది?”

హెర్మియాస్ అతన్ని కూర్చోమని సైగ చేసి ఇలా చెప్పాడు.

ఆ నాశనం తర్వాత నూరేళ్ళపాటు కొరింథు పాడుబడి ఉంది. తర్వాత రోమన్లే మళ్ళీ జనాన్ని పంపారు. అలా వచ్చినవాళ్ళలో సెకుండా ఒకతె. బానిసత్వం నుంచి విడుదలైన మనిషి. ఆమె భర్త రూఫుస్ పాత సమాధులు తవ్వి కంచు పాత్రలు తీసి అమ్మేవాడు. అందులో ఒక చెంబు మాత్రం ఇంటి వాడుకకు ఉంచుకున్నారు.

ఒక మధ్యాహ్నం సెకుండా ఆ చెంబు తీసుకుని ఊటకు దిగింది. ఆ ఊట రాతిలో తొలిచిన గదుల్లో ఉంది. లోపల పట్టపగలు కూడా చీకటే. వంగి నీళ్ళు ముంచుతుంటే పక్కనే ఎవరో ఊపిరి పీల్చిన చప్పుడు. చచ్చినవాళ్ళు తమ సొత్తు కోసం వచ్చారనుకుంది. ఇంతలో చల్లటి చెయ్యి ఒకటి ఆమె మణికట్టు పట్టుకుంది.

“మా వాళ్ళ సమాధులు తవ్వేశారు,” అంది ఒక ముసలి గొంతు. “మేం కొందరం ఇంకా చావలేదు తల్లీ. మమ్మల్నేం చేస్తారు?”

శిథిలాల్లో తలదాచుకుని తరతరాలుగా బతుకుతున్న పాత కొరింథు వాళ్ళ వంశం మనిషి ఆమె. తనను పట్టుకున్న చెయ్యి తనకంటే ఎక్కువగా వణుకుతోందని సెకుండాకు అప్పుడు తెలిసింది.

“ఇది ఎక్కడిదో చూపించవ్వా,” అంది చెంబు చూపిస్తూ.

ఇద్దరూ ఆ సమాధి దగ్గరకు వెళ్ళారు. చెల్లాచెదురైన ఎముకలను సెకుండా ఒక్కొక్కటే ఏరి లోపల పెట్టింది. ప్రతి ఎముకకూ ఆమె ఒళ్ళు జలదరించింది. చివరకు చెంబు కూడా పెట్టి మట్టి కప్పుతుంటే రూఫుస్ గడ్డపార పట్టుకుని పరుగున వచ్చాడు.

“నీకేమైనా పిచ్చి పట్టిందా? లే!”

ఆమె లేవలేదు. “ముందు నన్ను పాతిపెట్టి, ఆ తర్వాత తవ్వుకో,” అంది.

అతను గడ్డపార కింద పడేసి వెళ్ళిపోయాడు. ముసలామె అక్కడే కూర్చుని, ఆ సమాధిలో ఉన్నది ఎవరో సెకుండాకు చెప్పింది. పక్క సమాధుల్లో ఎవరున్నారో కూడా చెప్పింది. ఆ పేర్లే మన దాకా వచ్చాయి.

టిమాండ్రోస్ తల వంచుకున్నాడు. వీధిలో ఎవరో ఏడుస్తూ పరుగెత్తారు.

“ఆ తర్వాత సెకుండాకు భయం పోయిందా గురువుగారూ?”

“లేదు. బతికినంతకాలం ఆ ఊటకు వణుకుతూనే దిగింది.”

“మరి నేనేం చెయ్యను? పోనా, ఉండనా?”

హెర్మియాస్ లేచి, పైబట్ట భుజాన సర్దుకున్నాడు.

“వచ్చేవాళ్ళలో కూడా ఎవరో ఒకరు నీళ్ళకు దిగుతారు నాయనా. మన పేర్లు చెప్పడానికి అక్కడ ఎవరూ లేకపోతే ఎలా?”