ఎవరూ ముట్టుకోని ముల్లు

కాకినాడలో ఎయిర్ రైఫిల్ నేర్పే సత్తిరాజు మాస్టారికి ఒక అలవాటు ఉంది. శిష్యులెవరైనా ప్రశ్న వేస్తే ఆయన బదులు చెప్పరు, ఏదో ఒక పని పురమాయిస్తారు. ఆ పని అయ్యేసరికి అడిగినవాడికి ఎందుకడిగానురా బాబూ అనిపిస్తుంది. ఈ సంగతి తెలిసి కూడా కామేశం ఆ సాయంత్రం నోరు ఊరుకోక అడిగాడు.

"మాస్టారూ, మన వెనకాల మన వస్తువు మీద చెయ్యి వేసేవాళ్ళని ఎలా పట్టుకోవాలండి?"

అడగడానికి కారణం ఉంది. కొన్నాళ్ళుగా రోజూ పొద్దున అతని రైఫిల్ కొట్టే మొదటి దెబ్బ పైకి పోతోంది. పోగానే అతను గొట్టం మీద గురి చూసే సైటు దించుతాడు. దించాక మిగతావన్నీ కిందికి తగులుతాయి. మళ్ళీ ఎత్తుతాడు. ఆడలేక మద్దెల ఓడు అన్నవాళ్ళని చూశాం గానీ, కామేశం ఇంకో అడుగు ముందుకేసి మద్దెలను భద్రం చేసే మనిషినే అనుమానించాడు. రైఫిళ్ళ బీరువా తాళంచెవి తోటి శిష్యురాలు వేళాంగిణి దగ్గర ఉంటుంది. అందరికంటే ముందొచ్చి తలుపులు తీసేది ఆమే, గురిలో అతని తర్వాత నిలిచేదీ ఆమే. జిల్లా జట్టు ఎంపిక పోటీ దగ్గర పడింది. ఇంకేం కావాలి? ఆ ఉదయం అందరి ముందూ, "రాత్రి నా రైఫిల్ రెగ్యులేటర్ తిప్పింది నువ్వే" అనేశాడు.

"నేను ముట్టుకోలేదండి" అంది వేళాంగిణి. అతను నవ్వాడు. ఆమె తాళంచెవి బల్ల మీద పెట్టి, పోటీలోంచి తన పేరు కొట్టేయమని చెప్పి వెళ్ళిపోయింది.

"గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు వెళ్ళిపోయిందండి" అన్నాడు కామేశం ఇప్పుడు, తన మాట తనకే ముచ్చటగా తోచి.

మాస్టారు అతని రైఫిల్ తెప్పించి, రెగ్యులేటర్‌కి అవతలి పక్కన ఒక ప్రెషర్ మీటరు బిగించారు. సిలిండర్‌లో కూరి ఉన్న గాలంతా ఒక్కసారి మీద పడకుండా, దెబ్బకి ఇంత అని కొలిచి వదిలేది రెగ్యులేటర్. ఆ కొలత మారితే దెబ్బా మారుతుంది. ఆయన వరసగా కొన్ని దెబ్బలు కొట్టించారు. ప్రతిసారీ ముల్లు పడి, లేచి, డెబ్బై దగ్గరే ఆగింది. పెల్లెట్లన్నీ ఒకే చిల్లులోంచి పోయాయి.

"దీన్ని బల్ల మీద పెట్టి ఎదురుగా కూర్చో. నేను టీ తాగొస్తాను. దొంగొస్తే పట్టుకో."

కామేశం కూర్చున్నాడు. కాసేపటికి ముల్లు డెబ్బై దాటినట్టు అనిపించింది. కళ్ళు నులుముకున్నాడు, మీటరు అద్దం తుడిచాడు, లేచి తలుపు దాకా వెళ్ళి చూసొచ్చాడు. ఎవరూ లేరు. చూస్తూ ఉంటే ముల్లు కదలదు, చూపు తిప్పి మళ్ళీ చూస్తే జరిగి ఉంటుంది. మాస్టారు తీరిగ్గా తిరిగొచ్చేసరికి అది డెబ్బై ఎనిమిది మీద ఉంది.

"కొట్టు" అన్నారాయన.

కొట్టాడు. దెబ్బ పైకి పోయింది.

"ఎవరు తిప్పారు?"

"ఎవరూ ముట్టుకోలేదండి."

అన్నాక గానీ ఆ మాట అతని చెవిన పడలేదు. పొద్దున తాను నవ్విన మాట ఇదే.

"లోపల సీలు అరిగింది" అన్నారు మాస్టారు. "ఊరికే ఉంచితే సిలిండర్‌లోంచి వెంట్రుకవాసి గాలి అవతలికి జారుతూనే ఉంటుంది. రాత్రంతా జారినది పొద్దున మొదటి దెబ్బలో బయటపడుతుంది. ఆ తర్వాత జారడానికి దానికి తీరికుండదు."

తెలియని విషయమా ఇది? రాత్రంతా ఊరికే ఉన్న రైఫిల్ కొట్టే మొదటి దెబ్బను నమ్మి సైటు ముట్టుకోవద్దని కామేశం చేరిన కొత్తలోనే ఆయన చెప్పారు. అయినా అతనికి సీలు గుర్తురాలేదు, మనిషి గుర్తొచ్చింది. ఇంకొకటి కూడా ఇప్పుడు తెలిసొచ్చింది: వేళాంగిణి తన పేరు కొట్టేయమన్నప్పుడు అతనికి లోలోపల హాయిగా అనిపించింది. ఆ హాయి తలుచుకుంటే కామేశానికి తల ఎక్కడ పెట్టుకోవాలో తోచలేదు. సిగ్గుతో చచ్చిపోయాడు.

"తప్పయిపోయిందండి" అన్నాడు నేల చూపులు చూస్తూ. "చీకటి పడ్డాక వాళ్ళింటికెళ్ళి, ఆవిడొక్కదానితో చెప్పుకుని, కాళ్ళు పట్టుకోమన్నా పట్టుకుని వచ్చేస్తానండి."

మాస్టారు మీటరు విప్పుతున్నవారు తలెత్తకుండానే అడిగారు:

"పొద్దున ఆ నింద నువ్వు వాళ్ళింట్లో వేశావా?"