వెలగని టెస్టరు

గంగరత్న చేతికి తగిలిన గాయం పెద్దదేమీ కాదు. వైర్లు అతికించే సాల్డరింగ్ ఐరన్ జారి అరచేతి పక్కన కాలింది. ఆ పనిలో ఉన్నవాళ్లకు అలాంటివి మామూలే. కానీ మరునాడు పొద్దున ఆమె గఫార్ సాహెబ్ దుకాణానికి వచ్చేసరికి కళ్లు వాచి ఉన్నాయి. రోజూలాగా వచ్చి బల్ల ముందు కూర్చోలేదు. గడప దగ్గరే నిలబడి, ఇక తాను పనికి రానని, సోమవారం బస్సుకు హిందూపురం పుట్టింటికి పోతున్నానని చెప్పింది.

గఫార్ సాహెబ్ చేతిలో ఉన్న ఫ్యాను మోటారు పక్కన పెట్టాడు. ఎందుకని అడగలేదు. స్టూలు ఆమె వైపు జరిపాడు.

కదిరిలో దర్గాకు పోయే సందులో ఉంది ఆ దుకాణం. బోరు మోటార్లు, స్టార్టర్లు, మిక్సీలు, ఏవైనా బాగుచేస్తారు. గఫార్ సాహెబ్ దగ్గర పని నేర్చుకున్నవాళ్లు చుట్టుపక్కల ఊళ్లన్నిటిలోనూ ఉన్నారు. అందరూ ఆయనను ఉస్తాద్ అనే పిలుస్తారు. ఆయన మాట్లాడేది తక్కువ. ఎవరైనా ఏదైనా అడిగితే పనిముట్టు అందుకుని చూపిస్తాడు, అంతే. కటింగ్ ప్లేయరు గొప్పదా, నోస్ ప్లేయరు గొప్పదా అని ఒక శిష్యుడు వాదం పెట్టుకుంటే, రెండూ తీసి బీరువాలో పెట్టి తాళం వేసి, పొద్దుగూకేదాకా వాడిచేత ఉత్తి చేతులతో వైర్లు మెలిపెట్టించాడని ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఆ శిష్యులందరిలో రెడ్డెప్ప అంటే ఆయనకు ప్రాణం. గంగరత్న ఆ రెడ్డెప్ప పెండ్లామే.

పోయిన ఎండాకాలంలో రెడ్డెప్ప ఒక రైతు చేనుకాడికి స్టార్టరు బాగుచేయడానికి పోయాడు. పెట్టె తెరిచి చేయి పెట్టాడు. అక్కడికక్కడే పడిపోయాడు. టెస్టరు పెట్టి చూసినాడనీ, అది వెలగలేదనీ, కరెంటు లేదనుకునే చేయి పెట్టినాడనీ ఆ రైతు ఏడుస్తూ చెప్పాడు. ఆ టెస్టరును తర్వాత చాలామంది తీసుకుని చూశారు. ఎక్కడ పెట్టినా చక్కగా వెలుగుతోంది. పైగా రెడ్డెప్ప నిన్నమొన్న పని నేర్చుకున్నవాడు కాదు. అంతటి పనివాడు అంత చిన్నదాంట్లో ఎట్లా మోసపోయాడో ఎవరికీ అంతుపట్టలేదు. చివరికి తలరాత అని ఊరుకున్నారు.

దినాలు అయి నెల గడిచాక గంగరత్న మొగుడి పనిముట్ల సంచి భుజాన వేసుకుని ఈ దుకాణానికి వచ్చింది. తనకూ ఆ పని నేర్పమని అడిగింది. ఆడమనిషికి ఈ పనేమిటని సందులో వాళ్లు నవ్వారు. ఉస్తాద్ నవ్వలేదు. వంకరపోయిన రాగి తీగల కట్ట ఒకటి ముందు పడేసి, ప్లేయరుతో సాపు చేయమన్నాడు. అవి సాపు చేయడం వచ్చాక స్క్రూడ్రైవరు ఇచ్చాడు. ఆ తర్వాత రాగికి గాటు పడకుండా బ్లేడుతో వైరు తొడుగు ఒలవడం నేర్పాడు. మొగుడి పనిముట్లు మెల్లమెల్లగా ఆమె చేతికి అలవాటయ్యాయి. ప్లేయరు పిడి మీద ఎర్ర రబ్బరు రెడ్డెప్ప వేళ్లు ఆనే చోట అరిగిపోయి ఉండేది. ఆమె వేళ్లు మొదట్లో ఆ గుంటల్లో సరిపోయేవి కావు. అయినా ఆమె ఆ ప్లేయరునే పట్టుకుని పనిచేసేది.

ఇప్పుడు స్టూలు మీద కూర్చుని, కిందికి చూస్తూ, ఆమె తన బాధంతా చెప్పింది. అదంతా అత్త తిప్పమ్మ గురించే.

ఇంట్లో ఉండేది వాళ్లిద్దరే. కొడుకు పోయినప్పుడు తిప్పమ్మ నేల మీద పడి దొర్లి ఏడ్చింది. పట్టుకోవడానికి నలుగురు ఆడవాళ్లు చాలలేదు. దినాల దాకా అట్లాగే ఉంది. ఆ తర్వాత ఏమైందో ఒక్కసారిగా ఆగిపోయింది. మళ్లీ కంట నీళ్లు లేవు. కొడుకు పేరు నోట రాలేదు. గంగరత్న రాత్రుళ్లు దిండులో ముఖం పెట్టుకుని ఏడుస్తుంటే పక్క మంచం మీద కదలకుండా పడుకునేది. రెడ్డెప్పకు ఇష్టమని గంగరత్న ఒకరోజు ఉలవచారు కాస్తే, గిన్నె వైపు చూసి లేచి వెళ్లిపోయింది. దినాలు పెట్టేసి కొడుకును మరిచిపోయిందని గంగరత్నకు అనిపించేది. అయినా ఓర్చుకుంది. ముసలామె కదా, దుఃఖంలో ఎవరి తీరు వారిదిలే అనుకుంది.

నిన్న సాయంత్రం మాత్రం ఓర్చుకోలేకపోయింది. కాలిన చేయి చూపించి, పాత గుడ్డ ఏదన్నా ఉంటే కట్టు కట్టు అత్తా అని అడిగింది. తిప్పమ్మ ఆ చేతి వైపు చూసింది. చూసి, తన రెండు చేతులూ కొంగు కింద దాచుకుంది. మాట పలుకు లేకుండా లేచి పెరట్లోకి పోయి, గోడకు ముఖం పెట్టి కూర్చుంది. పిలిస్తే పలకలేదు.

"కుక్క కాలికి దెబ్బ తగిలినా గుడ్డపేలిక కడతారు ఉస్తాద్" అంది గంగరత్న. "ఆమె మనిషి కాదు. రాయి. రాతి పక్కన నేను బతకలేను."

ఉస్తాద్ బల్ల కింద నూనె తుడుచుకునే గుడ్డ ఒకటి ఉంటే తీసి, ఒక పీలిక చించాడు. దాన్ని తన కుడిచేతి బొటనవేలికి చుట్టడం మొదలుపెట్టాడు. చుట్టు మీద చుట్టు వేశాడు. వేలి కొన కూడా కనపడకుండా చుట్టి, పంటితో ముడి బిగించాడు. ఆయన వేలికి ఏ దెబ్బా లేదు.

ఆమె చూస్తూ ఉంది.

గోడకు రెండు ప్లగ్గులున్న బోర్డు ఉంది. ఒకదాంట్లో సాల్డరింగ్ ఐరన్ గుచ్చి ఉంది. దాని మొన మీద సీసం కరిగి మెరుస్తోంది, సన్నగా పొగ లేస్తోంది. రెండో ప్లగ్గు ఖాళీగా ఉంది.

"దీంట్లో కరెంటు ఉందా?" అని అడిగాడు ఉస్తాద్.

"ఉండాది కదా. ఐరన్ కాలుతాంది."

ఆయన టెస్టరు తీసి ఖాళీ ప్లగ్గులో పెట్టాడు. అలవాటు ప్రకారం దాని తల మీద బొటనవేలు ఆనించాడు. టెస్టరు వెలగలేదు. ఆయన దాన్ని అట్లాగే పట్టుకుని ఆమె వైపు చూశాడు.

"కట్టు విప్పల్ల ఉస్తాద్" అంది గంగరత్న, పాఠం ఒప్పజెప్పినట్టు. "వేలి చర్మం తగిలితేనే కదా లోపల దీపం వెలిగేది. గుడ్డ అడ్డముంటే..."

అక్కడ ఆమె మాట ఆగిపోయింది.

ఆ పొద్దు రెడ్డెప్ప చేనుకు బయలుదేరే ముందు ఇంటి ముందర కూర్చుని వైరు ఒలుస్తున్నాడు. బ్లేడు జారి బొటనవేలు తెగింది. రక్తం బాగానే కారింది. నీళ్లతో కడుక్కుంటుంటే తల్లి చూసింది. కూర్చోబెట్టి, పసుపు అద్ది, గుడ్డ చుట్టి, ముడి వేసింది. మన్నూ మశానం తగిలితే చీము పడుతుందని ఇంకో చుట్టు కూడా వేశారు. అతను సైకిలెక్కి పోతుంటే గంగరత్న గడపలో నిలబడి చూసింది. గుడ్డ చుట్టిన ఆ వేలు సైకిలు హ్యాండిలు మీద చాలా దూరం దాకా కనపడింది.

దుకాణం నిండా ఐరన్ పొగ వాసన వ్యాపించింది. ఉస్తాద్ లేచి దాని స్విచ్చి ఆపాడు.

"వాన్ని ఆసుపత్రికి తెచ్చినప్పుడు అందరూ టెస్టరును చూసినారు" అన్నాడు. "నేను వాని వేలిని చూసినా. నా అంతట నేను ఎవరికీ చెప్పలేదు."

మరి అత్తకు తెలుసా అని అడిగింది గంగరత్న.

ఉస్తాద్ వేలికున్న గుడ్డ విప్పుతూ, మెల్లగా చెప్పాడు. దినాలు అయిన కొద్దిరోజులకు తిప్పమ్మ ఒక్కతే ఈ దుకాణానికి వచ్చింది. కొడుకు టెస్టరు కొంగులో పెట్టుకుని తెచ్చింది. దీన్ని ఎట్లా పట్టుకుంటారో చూపించమంది. చూపించాడు. తల మీద వేలెందుకు పెట్టాలని అడిగింది. చెప్పాడు. ఆమె తన చీర కొంగు అంచు చించి ఆయన ముందు పెట్టింది. ఇది చుట్టుకుని చూపించు అంది.

"చూపించినారా?"

"చూపించినా."

"ఎందుకు చూపించినారు ఉస్తాద్? తెలీదని చెప్పింటే పోయేది కదా."

ఆయన విప్పిన గుడ్డను మడతలు పెట్టాడు. పెట్టిన మడతలు మళ్లీ విప్పాడు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి.

"తల్లి అడిగింది బిడ్డా" అన్నాడు.

అంతలో ఎవరో మిక్సీ జారు పట్టుకుని వస్తే ఉస్తాద్ సాయంత్రం రమ్మని పంపేశాడు. గంగరత్న లేచి, చెప్పులేసుకుని, ఇంటిదారి పట్టింది. దారిలో తెలిసినవాళ్లు పలకరించారు. ఏం బదులు చెప్పిందో ఆమెకే తెలియదు.

తిప్పమ్మ వాకిట్లో చేట ముందు పెట్టుకుని విత్తనానికి శెనక్కాయలు ఒలుస్తోంది. కోడలు పనిదినం ఇంత పెందలాడే ఎందుకు వచ్చిందని అడగలేదు. తల కూడా ఎత్తలేదు. కాయ నొక్కడం, పప్పు చేటలో పడేయడం, పొట్టు పక్కకు తోయడం, మళ్లీ ఇంకో కాయ తీసుకోవడం. ఆ చేతులు ఎంత సన్నబడిపోయాయో గంగరత్న అప్పుడే చూసింది. మణికట్టు ఎముకలు పొడుచుకొచ్చి కనపడుతున్నాయి.

ఆమె ఎదురుగా నేల మీద కూర్చుంది. గుప్పెడు కాయలు తీసుకుని తానూ ఒలవడం మొదలుపెట్టింది. ఇద్దరి మధ్యా కాయలు చిట్లే చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. కుప్ప సగానికి తగ్గింది. ఎండ గోడ దిగి వాకిట్లోకి వచ్చింది.

"అత్తా" అంది గంగరత్న.

ముసలామె ఇంకో కాయ తీసుకుంది.

"ఆ గుడ్డ చింపిచ్చింది నేనే. నా పాత చీరెది. నువ్వు చాల్లే అంటే, ఇంకొంచెం చింపి ఇచ్చినాను."

తిప్పమ్మ చేతిలో కాయ చిట్లలేదు. ఆమె వేళ్లు దాన్ని పట్టుకుని అట్లాగే నిలిచిపోయాయి. గంగరత్న చేట పక్కకు జరిపి, దగ్గరికి వచ్చి, అత్త మోకాలికి మోకాలు ఆనించి కూర్చుంది.

ముసలామె చేతిలోని కాయ వైపు చూస్తూ చెప్పింది.

"చిన్నప్పటి నుంచీ వానికి కట్టు కట్టాలంటే యుద్ధమే. ఏనాడూ నిలిచి కట్టించుకున్నోడు కాదు. పట్టుకుంటే పెరుక్కుని పారిపోయేటోడు."

కాయ ఆమె చేతిలోంచి జారి కిందపడింది.

"ఆ పొద్దు ఎందుకో, ఇంద అమ్మా అని చెయ్యి చాపినాడు."