కంప్యూటరుకు కప్పిన బొంత

హేమావతి ఇంట్లో కంప్యూటరు మోత పెట్టడం మొదలై మూడు వారాలైంది. పన్నెండేళ్ల పాతది. స్విచ్చి వేసిన కాసేపటికే మిక్సీ తిరుగుతున్నట్టు హోరు. ఆ హోరులోనే ఆమె రోజూ గొంతు పెంచి పాఠాలు చదివేది.

చదివేది తన కోసం కాదు, లింగమ్మ కోసం. లింగమ్మది పత్తికొండ. చూపు లేదు. టీచరు ఉద్యోగానికి పరీక్ష రెండుసార్లు రాసింది, రెండుసార్లూ కొద్దిలో తప్పిపోయింది. వయసు దాటిపోతోంది కాబట్టి ఇదే ఆఖరుసారి. పుస్తకాలన్నీ హేమావతి కంప్యూటరులో ఉన్నాయి. తెర మీద చూస్తూ చదివి, రికార్డు చేసి పంపితే, లింగమ్మ విని నేర్చుకునేది.

పరీక్షకు పదకొండు రోజులున్నాయి. ఇంకా ఏడు పాఠాలు మిగిలాయి. గురువారం పొద్దున లింగమ్మ ఫోను చేసింది.

"అక్కా, నిన్న పంపినవి సగం అర్థం కాలేదు. వెనకాల ఏదో హోరు. మాట అందులో మునిగిపోతా ఉంది."

హేమావతికి కొత్తది కొనే స్తోమత లేదు. ఫోనులో రికార్డు చేసినా ఆ హోరు అందులోకీ వచ్చేది. మంచం మీది బొంత తీసి కంప్యూటరు పెట్టెకు చుట్టింది. పైన దిండు పెట్టింది. మోత తగ్గింది. హమ్మయ్య అనుకుని చదవడం మొదలుపెట్టింది. పావుగంటకు బొంత లోపలి నుంచి మోత మళ్లీ లేచింది. ముందటికన్నా పెద్దగా. ఇంకో దుప్పటి తెచ్చి కప్పింది. పాఠం మరో పేజీలో అయిపోతుందనగా తెర నల్లబడింది. చదివినదంతా పోయింది.

మరునాడు శుక్రవారం. శుక్రవారం మధ్యాహ్నం ఆమె మదార్ సాహెబు ఇంటికి వెళ్తుంది. గుంతకల్లులో రైలు పట్టాల అవతల కుట్టుమిషన్లు బాగుచేసే ముసలాయన. నమాజు అయ్యాక నలుగురైదుగురు వచ్చి ఆయన ఎదురుగా చాప మీద కూర్చుంటారు. ఆయన ఏమీ బోధించడు. అందరూ గంటసేపు ఊరికే కూర్చుని లేచి వెళ్తారు. హేమావతి నాలుగేళ్లుగా వస్తోంది.

ఆ రోజు ఆమె అయిదు నిమిషాలు కూడా కుదురుగా కూర్చోలేకపోయింది. ఏడు పాఠాలు, పది రోజులు. అదే లెక్క తలలో తిరిగింది. మిగతావాళ్లు వెళ్లిపోయేదాకా ఆగి అంది.

"తాతా, నాలుగేళ్లుగా మీ దగ్గర కూర్చుంటున్నాను. మనసు నిలపడం కొంచెం వచ్చిందనుకున్నాను. ఒక పాత డబ్బా నన్ను ఇట్లా ఆడిస్తోంది."

సంగతంతా చెప్పింది. ఆయన విన్నాడు.

"బొంత కప్పినాక మోత తగ్గిందా, పెరిగిందా?"

"ముందు తగ్గింది. తర్వాత బాగా పెరిగింది."

ఆయన పనిముట్ల సంచీ భుజాన వేసుకుని చెప్పులు తొడుక్కున్నాడు.

"పద మా."

ఇంట్లో ఇనప ట్రంకుపెట్టె మీద కంప్యూటరు. దాని చుట్టూ బొంత, దుప్పటి, పైన దిండు. పొద్దున కూడా ఆమె మరోసారి ప్రయత్నించి చూసింది, మళ్లీ ఆగిపోయింది. ఇప్పుడు ఆయన ముందు స్విచ్చి వేస్తే పావుగంటకు మోత లేచింది. మదార్ సాహెబు బొంత కిందికి చెయ్యి పోనిచ్చాడు.

"నువ్వూ పెట్టు."

ఆమె పెట్టింది. జ్వరం తగిలిన పసిబిడ్డ ఒళ్లులా కాలుతోంది. ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది.

ఆయన దిండు తీశాడు. దుప్పటి తీశాడు. బొంత విప్పి, మడత పెట్టి మంచం మీద ఉంచాడు.

"అవి తీస్తే ఇంకా వినిపిస్తుంది తాతా."

ఆయన ప్లగ్గు పీకి, చల్లారనిచ్చి, కంప్యూటరు పెట్టెను వరండాలోకి తెచ్చి పక్క రేకు విప్పాడు. లోపల ఫ్యాను రెక్కల మధ్య దుమ్ము బూజుగుడ్డలా అట్ట కట్టింది. ఫ్యాను తిరగకుండా వేలితో పట్టుకుని, ఒక బ్రష్షు ఆమె చేతికిచ్చాడు.

ఆమె గబగబా దులిపింది. ఆయన ఆమె చేతిలోంచి బ్రష్షు తీసుకుని, కాసేపు తన దగ్గరే ఉంచుకుని, తిరిగి ఇచ్చాడు. ఆమె మళ్లీ గబగబా దులిపింది. ఆయన మళ్లీ తీసుకున్నాడు. వీధిలో పాలబండి పోయేదాకా ఇవ్వలేదు.

"తాతా, నాలుగవుతోంది. ఈ రోజు ఒక్క పాఠమన్నా పంపాలి."

ఆయన బ్రష్షు ఇచ్చాడు. ఈసారి ఆమె ఒక్కో రెక్కా విడిగా తుడిచింది.

ఫ్యాను నడుమ అంటించిన కాగితాన్ని ఆయన గోటితో లేపి, కుట్టుమిషను నూనె ఒక్క చుక్క వేశాడు. రేకు బిగించి లోపలికి తెచ్చాడు. ట్రంకుపెట్టెను వేళ్లతో తట్టి చూశాడు. డప్పులా మోగింది. తెగిపోయిన రబ్బరు చెప్పు ఒకటి అడిగి, నాలుగు ముక్కలు కోసి, కంప్యూటరు నాలుగు మూలల కిందా పెట్టాడు.

స్విచ్చి వేసింది హేమావతి. అక్కడే నిలబడింది. పది నిమిషాలు, ఇరవై నిమిషాలు. హోరు లేవలేదు. చెవి దగ్గరికి పెడితే మాత్రం సన్నగా గాలి వీస్తున్నట్టు చప్పుడు.

"ఇంకా ఉంది తాతా."

"తిరిగేది కదా మా. ఆ మాత్రం ఉంటుంది."

ఆమె చూపు మంచం మీది బొంత వైపు పోయింది. ఆయన వెళ్లి ఆ బొంత మీద కూర్చున్నాడు.

"చదువు."

ఆమె ఒక పాఠం మొదటి పేజీలు చదివి పంపింది. ఫోను చేతిలో పట్టుకుని గదిలో అటూ ఇటూ తిరిగింది. మదార్ సాహెబు కదలకుండా కూర్చున్నాడు. ఫోను మోగగానే స్పీకరు నొక్కింది.

"అక్కా, ఇప్పుడు బాగా వినపడతాంది. ప్రతి మాటా వినపడతాంది."

హేమావతికి కళ్లలో నీళ్లు తిరిగాయి. అవతల లింగమ్మ ఇంకేదో అనబోయి ఆగినట్టుంది.

"ఏం లింగమ్మా? చెప్పు."

"ఏం లేదక్కా. మీకేమన్నా బాగలేదా?"

"బాగానే ఉన్నానే."

"ఎవరో తరుముతా ఉంటే చదివినట్టుంది. ఎక్కడా ఊపిరి పీల్చుకోరు. వింటా ఉంటే నాకూ గుండె దడ పుట్టింది. రెండుసార్లు ఆపేసి, నీళ్లు తాగొచ్చి మళ్లీ విన్నాను. తప్పుగా అనుకోవద్దక్కా."

హేమావతి ఏదో చెప్పి ఫోను పెట్టేసింది. 

"తాతా, ఈ మూడు వారాలూ నేను ఇట్లాగే చదివానా?"

మదార్ సాహెబు పనిముట్లు సంచీలో సర్దుకుంటున్నాడు.

"ఆ మోతలో ఎవరికి వినపడింది మా, చెప్పడానికి?"

ఆయన వెళ్లాక ఆమె తను చదివినదాన్ని మొదటి నుంచి పెట్టుకుంది. ఇన్ని పాఠాలు పంపినా, ఒక్కదాన్నీ ఆమె చివరిదాకా విననేలేదు. ఈసారి చేతులు ఒళ్లో పెట్టుకుని ఆఖరి మాట దాకా విన్నది.

తర్వాత ఆ రికార్డును తుడిచేసి, పాఠం మొదటి వాక్యం దగ్గరికి వచ్చి, కాసేపు ఊరికే కూర్చుంది.